ఉత్తరం తాడు మీది డబ్బాలు

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లను నేనెప్పుడూ దగ్గరకు రానివ్వలేదు. ఈ సంగతి విని మా బావమరిది పదిమందిలో నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. అయినా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

పందొమ్మిదివందల అరవైల్లో మాట. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలో మాకు చిన్న మామిడితోట ఉండేది. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు సాధించాను. తోటలో ఇంటి పక్కనే ముప్పై మూడు అడుగుల అల్యూమినియం గొట్టాన్ని ఏరియల్‌గా నిలువునా నిలబెట్టి, మూడు వైపులా చెట్లకు తాళ్లు లాగి కట్టాను.

ఆ గొట్టం వల్లే తన పూత రాలిందని పక్కతోట ఆసామి ఊరంతా చెప్పాడు. ఆ ఏడు మంచుకు అందరి పూతా రాలింది. నా గొట్టం ఒక్కటే దొరికిందా? ఆయనతో మాటలు మానేశాను.

కాయలు ముదిరే రోజుల్లో నేను నాలుగు రోజులు బెజవాడలో ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి కాపలా వీరయ్య ఉత్తరం వైపు తాడుకు నూనె డబ్బాలు వేలాడదీశాడు. ఒక్కో డబ్బాలో గుప్పెడు గులకరాళ్లు. తాడు లాగితే ఆ చప్పుడుకు చిలకలు లేచిపోవాలి.

"అది ఏరియల్ తాడయ్యా, విప్పెయ్," అన్నాను.

"ఊరికే ఉన్న తాడే గదండీ," అని గొణిగాడు. "ఆ గొట్టంతో దేశాలవతల వాళ్లతో మాట్టాడతారు గానీ, పక్కతోటాయనతో మాత్రం మాట్టాడరు."

మధ్యాహ్నం గొట్టం అతుకు బిగించడానికి దాన్ని కిందికి దింపబోయాం. ఎప్పుడూ దింపేది తూర్పుకే, అటు చెట్ల మధ్య సందుంది. వీరయ్య గొట్టాన్ని మొదలు దగ్గర రెండు చేతులా పట్టుకున్నాడు. నేను పడమటి తాడు ముడి విప్పుతున్నాను. ఆకు కదలడం లేదు.

ఉత్తరం తాడు మీది డబ్బాలు మోగాయి.

గాలికి మోగినట్టు కాదు. ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా, మధ్యలో ఆగుతూ. మోర్సు, అదే తంతి సంకేతాల భాష, చెవిన పడితే అర్థం దానంతటదే వచ్చేస్తుంది. క్యూ, ఆర్, ఎక్స్. ఆగు అని చెప్పడానికి మేం వాడే సంకేతం. రెండుసార్లు వచ్చింది.

ముడి మళ్లీ బిగించేశాను. వీరయ్య వైపు చూశాను. అతను గొట్టం వదల్లేదు. అతనికి మోర్సు కాదు గదా, అక్షరమే రాదు. తూర్పు సందులోకి వెళ్లి చూశాను. ఆకుల చాటున, కంచె వెంబడి, మెరుస్తున్న కొత్త తీగ.

నేను ఊళ్లో లేనప్పుడు పక్కతోట మోటారుకు కరెంటు లాగారు. నాకెవరూ ఒక్క మాట చెప్పలేదు. ముడి వదిలి ఉంటే గొట్టం సరిగ్గా ఆ తీగ మీద పడేది, వీరయ్య చేతుల్లో ఉండగానే.

"డబ్బాలు ఎవరు లాగారు?" అన్నాను.

"నేనూ విన్నానండీ." అతని మొహం పాలిపోయింది. "పొద్దున మీరు కేకలేస్తే రాళ్లన్నీ తీసి పారబోశానండీ. అయి ఉత్త డబ్బాలు."

వెళ్లి ఒక్కొక్కటీ వంచి చూశాను. ఒక్క రాయి లేదు. తాడు పట్టుకుని ఊపాను. గలగల లేదు.

తీగ మీద కరెంటు వాళ్లకు ఫిర్యాదు రాశాను. విచారణకు ఒకాయన వచ్చి, నేను నిలబడ్డ చోటే నిలబడి, కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు.

"ఇక్కణ్ణించి ఆ తీగ కంటికి ఆనడం లేదే. మరి ముడి విప్పబోయి ఎందుకు ఆగారండీ?"

ఎవరికీ జవాబు బాకీ పడని నేను ఆయన ఇచ్చిన విచారణ కాగితం నింపాను. అందులో ఆ జవాబు రాయాల్సిన ఒక్క గడి ఖాళీగానే పంపాను. ఇవాళ అడిగినా అంతే.