పక్క క్వార్టర్ పిల్ల అప్పజెప్పిన ఎక్కాలు

మొన్న ఉస్లాపూర్ స్టేషన్లో బండి కోసం నిలబడి ఉంటే వెనక ఎవరో సామాను లెక్కపెడుతున్నారు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఏటే, సంచీ ఒకటి తగ్గినాదేటి?" అచ్చం పలాస పక్క యాస. మనవాళ్లే అని సంబరంగా తిరిగి చూస్తే ఆమె తెలుగామె కాదు, చిన్నప్పుడు మా పక్క క్వార్టర్లో ఉండే ఛత్తీస్‌గఢీ వాళ్లమ్మాయి. పక్కనున్న కూతురు "లో, మమ్మీ కీ మద్రాసీ గిన్తీ చాలూ!" అని, తల్లి మద్రాసీ లెక్క మొదలైందంటూ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను గాని, లోపల చిన్ననాటి మంట ఒకటి చుర్రుమంది.

మన ఈడువాళ్లకు ఆ రైల్వే క్వార్టర్లు గుర్తుండే ఉంటాయి. గోడకు అటు ఒడియావాళ్లు, ఇటు బెంగాలీలు, పక్కన ఆ ఊరివాళ్లే అయిన ఛత్తీస్‌గఢీలు. గుమ్మం లోపల ఏటి, గుమ్మం దాటితే క్యా. బడిలో మేము మద్రాసీలం, సెలవులకు శ్రీకాకుళం వెళితే హిందీవాళ్లం. అదేమీ నన్ను బాధపెట్టలేదు. లెక్క దగ్గర మాత్రం బాధపడ్డాను, ఎందుకంటే నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఇవాళ ఎవరింట్లో భోజనాలైనా ఎంతమందికి ఎంత బియ్యమో నన్నే అడుగుతారు. అది నాకు ఎవరూ నేర్పింది కాదు.

మా తాత లోకో షెడ్డులో పనిచేసి రిటైరయినవారు. పొద్దు వాలే వేళ వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగులో ఎక్కాలు అప్పజెప్పించుకునేవారు. తడబడకుండా చెప్పినవాళ్లను వేలు పట్టుకుని షెడ్డు దాకా నడిపించి ఇంజన్లు చూపించేవారు. హిందీ బడికి వెళ్లే నాకు హిందీ ఎక్కాలు, పహాడాలు, నీళ్లలా వచ్చేవి, కాని తెలుగులో చెప్పబోతే అంకెలు తిరగబడేవి. యాభై నాలుగుకు హిందీలో చౌవన్, అందులో నాలుగు ముందు, యాభై తరువాత. మనకు యాభై ముందు. ఆ తొందరలో తొమ్మిది ఆర్లు నలభై అయిదు అనేసేదాన్ని. "ఆగెహె! బుర్రలో హిందీ, నోట్లో తెలుగూనా?" అనేవారు తాత. పక్క క్వార్టర్ పిల్ల నాకంటే చిన్నది, ఇంకా బడి మొహం చూడలేదు. అంకెలంటూ మొదట విన్నది తాత నోటనే కాబట్టి దానికి తిరగేసుకునే పనే లేదు. చిలకలా అప్పజెప్పి, మా తాత వేలు పట్టుకుని అది షెడ్డు వైపు గెంతుతూ పోతుంటే వరండా స్తంభాన్ని పట్టుకుని చూస్తుండిపోయేదాన్ని.

"పసిదాని మీద ఏటే ఆ కుళ్లు? మీ తాతనేటి మూటగట్టుకుపోద్దా?" అని అమ్మ కసిరేది. నాకు మాత్రం అది మూట కడుతున్నట్టే ఉండేది.

ఆ వేసవంతా పెరట్లో బట్టలారేస్తూ, కుళాయి దగ్గర బిందె నిండే దాకా గొణుక్కుంటూ, యాభైని ముందుకు లాగి నాలుగును వెనక్కి నెట్టి, నాకు నేనే ఎక్కాలు దిద్దుకున్నాను. ఒక సాయంత్రం పందొమ్మిదో ఎక్కం మొదలుపెట్టి ఆఖరు దాకా తప్పులేకుండా చెప్పాను. తాత కళ్లు మూసుకుని విన్నారు. అప్పటికే నేను చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉన్నాను.

"అబ్బో, బాగా సెప్పినావే! పక్కింటి గుంట నేర్పినాదేటి?" అన్నారాయన మురిసిపోతూ.

షెడ్డుకు తీసుకెళ్లారు, తీసుకెళ్లకపోలేదు. ఒక చేతికి నేను, రెండో చేతికి అది. ఎవరూ నేర్పలేదు తాతా, నేనే నేర్చుకున్నాను అని దారి పొడుగునా చెప్పబోయి చెప్పలేకపోయాను. అవతల అది ఇంజన్లకు పేర్లు పెడుతూ ఆయన్ని నవ్విస్తూనే ఉంది.

తాత పోయి చాలా కాలమైంది, ఆ క్వార్టర్ల చోట ఇప్పుడు వేరే కట్టడాలు లేచాయి. ఎంత దిద్దుకున్నా నా మనసు ఇప్పటికీ లెక్క వేసేది హిందీలోనే. ఆయన అంకెలు వాటి వరసలో, వాటి యాసలో నిలిచింది ఆమె నోట్లోనే. ఇంత వయసు వచ్చినా నాకు ఆ కుళ్లు పోలేదు. నెహ్రూ నగర్‌లో మా పిల్లల ఇంట్లో ఏ లెక్కయినా ఫోనే చూసుకుంటుంది, ఏ భాషలోనూ ఎవరూ పైకి చెప్పరు. కళ్లు మూసుకుని వినే తాతా లేడు, స్తంభం పట్టుకుని కుళ్లుకునే పిల్లా లేదు.