గేటు పేజీకి పట్టిన సమయం

రెండేళ్ల కిందట, ఏప్రిల్‌లో ఒక సోమవారం ఉదయం పదిన్నరకు, శంషాబాద్ విమానాశ్రయం దగ్గరలోని ఒక సరుకు గోదాము గేటు వద్ద ఉన్నవి ఇవి: గాజు కిటికీ ఉన్న చిన్న గది, ఒక కంప్యూటర్, ఒక వాకీటాకీ, గేటు క్లర్కు సుజాత, స్టాప్‌వాచ్ పట్టుకున్న నేను, బయట రోడ్డు మలుపు దాకా బండ్లు.

ఇప్పుడు మానేశాను గానీ, అప్పట్లో ఆ గోదాముకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన కంపెనీలో ప్రోగ్రామర్‌ని. ఒక్కో బండిని పంపడానికి సుజాతకు ఎంతసేపు పడుతోందో కొలవమని గోదాము మేనేజర్ పిలిపించారు. "ఆవిడ చెయ్యి నిదానమండీ. మీరు అంకెలు వేసిస్తే శుక్రవారం నుంచి వేరే మనిషిని కూర్చోబెడతాను" అన్నారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"ఉన్నది ఉన్నట్టు రాయి తమ్మీ, గంతే" అంది నన్ను చూడగానే.

షాద్‌నగర్ నుంచి గులాబీలు తెచ్చిన డ్రైవరు కిటికీలో తల పెట్టాడు. "మొగ్గలు ఏసుకొచ్చిన అక్కా! నీ గేటు దాటేసరికి పూలైతున్నయ్."

"గట్లనా? అయితే రెండు ఈడ పెట్టి పో అన్నా, నా జడకైతయ్."

కొలిచాను. నంబరు కొట్టడం, కాగితం చూడడం, ముద్ర వేయడం అన్నీ కలిపి తొమ్మిది సెకన్లు. మధ్యలో కంప్యూటర్‌లో బండ్ల జాబితా పేజీ తెరుచుకోవడానికి ఇరవై ఎనిమిది. ఆ పేజీ రాసింది నేనే. నా ల్యాప్‌టాప్‌లో ఆరు బండ్లతో పరీక్షించినప్పుడు చిటికెలో తెరుచుకునేది.

కారణం కోసం వెతుకుతుండగా సుజాత పది బండ్ల నంబర్లు చీటీ మీద రాసుకుని, ఏది ఏ తలుపుకు పోవాలో వాకీటాకీలో సరుకు దించే షెడ్డును ఒకేసారి అడిగింది. ఎందుకలా అని అడిగాను.

"ఒక్కో బండికి ఒక్కోపారి అడిగితే షెడ్డుల అన్న పరేషాన్ అయితడు. గందుకే అన్నీ రాసుకొని ఒక్కపారే అడుగుత."

నా పేజీ ఒక్కోసారే అడుగుతోంది. డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను క్వెరీ అంటారు. మేం వాడిన ఫ్రేమ్‌వర్క్‌లో, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ చట్రంలో, దాన్ని చేత్తో రాయనక్కర్లేదు. బండి యజమాని పేరు కావాలంటే అదే అడిగి తెస్తుంది. ఎన్నిసార్లు అడిగిందో మాత్రం చెప్పదు. జాబితాకు ఒక క్వెరీ, ఆపైన ప్రతి బండికీ యజమాని కోసం ఒకటి, సరుకు కోసం ఒకటి. ఆ రోజు జాబితాలో 140 బండ్లు. డేటాబేస్ ఉన్నది వేరే ఊళ్లో; ఒక్కో క్వెరీ పోయి రావడానికి సెకనులో పదో వంతు. యజమానులను, సరుకులను ముందుగానే మొత్తంగా తెమ్మని కోడ్‌లో ఒక వరుస చేర్చాను. భోజనాల వేళకు రోడ్డు మలుపు దగ్గర బండ్లు లేవు.

రెండు కొలతలూ వేరువేరుగా రాసి ఇచ్చాను. మేనేజర్ చదివి, పేజీ ఎవరు రాశారని అడిగారు. నేనేనన్నాను. శుక్రవారం ఆ కుర్చీలో సుజాతే ఉంది.

మనిషి చేతిని కొలిచే ముందు క్వెరీలు లెక్కపెట్టాలని, పరీక్ష అసలు జాబితాతోనే చేయాలని అక్కడ నేర్చుకున్నాను.

ఆ పేజీ క్వెరీలు: మునుపు 281, తర్వాత 3.