ఉత్త ఫ్లాష్

ఆ రోజుల్లో ఫోటో దిగడమంటే ఊపిరి బిగబట్టి చేసే పని. ఇప్పుడు ఇడ్లీ తినేముందు ఇడ్లీకి, తిన్నాక ఖాళీ ప్లేటుకి కూడా ఫోటో తీసుకుంటున్నాం గానీ, నేను చెప్పేది రీళ్ళ కాలం సంగతి. రీలుకి ముప్ఫై ఆరు ఫోటోలు. పెళ్ళికి వచ్చే జనం ఐదారొందలు. అందులో ఫోటో వద్దనే మనిషి ఒక్కడూ ఉండడు. ఈ రెంటి మధ్యా నలిగిపోయినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఇప్పుడు కాకినాడలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నాను కాబట్టి ఎవరూ నమ్మరు గానీ, డిగ్రీ అయిపోయి బీయెడ్ సీటు వచ్చేలోపు, కోనసీమలో మా మేనమావ స్టూడియోలో ఏడాదిపాటు ఫోటోగ్రాఫర్‌గా పనిచేశాను. (ఫోటోగ్రాఫర్ అన్నది నా మాట. మావయ్య మాత్రం "మా మేనకోడలండి, సంచీ మోస్తుంది" అని పరిచయం చేసేవాడు.) ఆడవాళ్ళ వైపు ఫోటోలు ఆడపిల్ల తీస్తే బాగుంటుందని ఎవరో అనడంతో నా చేతికి ఒక పాత కెమెరా వచ్చింది.

చేరిన మొదటి వారంలోనే మావయ్య నాకు వృత్తి రహస్యం ఉపదేశించాడు. కెమెరా నెత్తిమీద కూర్చునే ఫ్లాష్‌కి వెనకవైపు చిన్న ఎర్ర మీట ఉంటుంది. అది నొక్కితే ఫ్లాష్ మాత్రం వెలుగుతుంది, ఫోటో పడదు, రీలు కదలదు. పెళ్ళికొడుకు చిన్నాన్న తోడల్లుడి బావమరిది వచ్చి మీసం దువ్వుకుని నిలబడితే కాదనలేం కదా. ఎర్ర మీట నొక్కితే ఆయన సంతోషిస్తాడు, రీలూ మిగులుతుంది. దీనికి మావయ్య పెట్టిన పేరు ఆశీర్వాదం. "అమ్మాయ్, వారికో ఆశీర్వాదం ఇవ్వవే" అని ఆయన దూరం నుంచి కేకేస్తే, ఎదుటివాళ్ళు చేతులు జోడించి మరీ నిలబడేవాళ్ళు. ఆ ఏడాదిలో నేను ఎంతమందిని ఆశీర్వదించానో తలుచుకుంటే ఏ పీఠాధిపతికీ తీసిపోననిపిస్తుంది. పాపభీతి లేదా అంటే, నిజంగా లేదు. పైగా అంత పెద్ద రహస్యం నాకు తెలిసిందని కొంచెం గర్వంగా కూడా ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక రైతు ఇంటి పెళ్ళిలో గుండిగల మామ్మ కనిపించింది. వంటవాళ్ళతో పాటు వచ్చి, అన్నం వండే పెద్ద పెద్ద గుండిగలు తోమే మనిషి. అరవై దాటి ఉంటాయి. గుండిగలో నడుం దాకా దిగిపోయి తోముతుంటే లోపల్నుంచి మాటలు మాత్రం వినిపించేవి. నేను మంచినీళ్ళకని పెరట్లోకి వెళ్తే తల బయటికి పెట్టి, "పాపా, నాకో పొటో తీత్తావా?" అంది. "దానికేం మామ్మా, రండి" అన్నాను. ఆశీర్వాదానికి ఏం ఖర్చు కనక. "ఉండు మరి, ఇలాగే ఎలా దిగుతాను" అని బొగ్గు మరకలన్నీ లోపలికి పోయేలా చీర మార్చి కట్టింది. నూతి దగ్గర మొహం కడుక్కుంది. విడిదిలోకి వెళ్ళి పెళ్ళికూతురి స్నేహితురాళ్ళని బతిమాలి ఇంత పౌడరు, ఒక కనకాంబరాల ముక్క సంపాదించుకుంది. అంతా అయ్యేసరికి పావుగంట పట్టింది. అరటి చెట్టు కట్టిన పందిరి గుంజ పక్కన, చేతులు రెండూ కిందకి చాపి, బడిలో వందేమాతరం పాడే పిల్లలా నిలబడింది. నేను ఎర్ర మీట నొక్కాను. ఫ్లాష్ వెలిగింది. మామ్మ కళ్ళు చికిలించి నన్ను ఒక్క క్షణం చూసి, "అయిపోయిందా?" అంది. "అయిపోయింది మామ్మా, బ్రహ్మాండంగా వచ్చింది" అన్నాను. (బ్రహ్మాండంగా అన్న మాట అవసరమా? అందుకే కదా ఇప్పటికీ గుర్తుంది.)

నాలుగు రోజులకి మామ్మ బస్సెక్కి స్టూడియోకి వచ్చేసింది. చేతిలో మునక్కాడల కట్ట. ఆశీర్వాదాలు పుచ్చుకున్నవాళ్ళెవరూ అంతకుముందు స్టూడియో దాకా రాలేదు. పెళ్ళివారి ఆల్బమ్‌లో తమ ఫోటో వెతుక్కుని, దొరక్క, మర్చిపోయేవారు. "ఇంకా కడగలేదు మామ్మా" అన్నాను. "ఒక్క పొటో కడగటానికి నాలుగు రోజులా? నాలుగు రోజుల్లో నేను నాలుగు పెళ్ళిళ్ళ గుండిగలు కడుగుతాను" అంది గానీ, కోపంగా అనలేదు. మరో వారానికి తోటకూరతో వచ్చింది. రాజమండ్రి ల్యాబులో మిషను పాడైందన్నాను. ఆ పై వారం పనసతొనలు తెచ్చింది. "రీలుకి వెలుగు తగిలి పాడైపోయింది మామ్మా" అని మావయ్య నేర్పిన అబద్ధం అప్పజెప్పాను. మామ్మ పనసతొనలు నా చేతిలో పెడుతూ, "వెలుగు తగిల్తేనే కదా పాపా పొటో పడేది?" అంది. లోపల గదిలో మావయ్యకి దగ్గు తెర ముంచుకొచ్చింది.

"పోనీ ఇక్కడే తీసేస్తాను, కూర్చోండి" అని స్టూడియోలో జలపాతం బొమ్మ వేసిన తెర చూపించాను. మామ్మ ఆ తెర వంక పైనుంచి కిందకి చూసింది. "ఇదొద్దు. పెళ్ళిలో దిగిందే కావాలి" అని బల్ల మీద కూర్చుంది. అప్పుడు చెప్పింది. వాళ్ళాయన పోయి పన్నెండేళ్ళయిందట. ఆయనకి ఒక్క ఫోటో కూడా లేదట. "మొన్న ఆయన మొగం తలుచుకుందామని కూకున్నాను పాపా. నుదురొచ్చింది, కళ్ళొచ్చినాయి, ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది. మూతి ఎలా ఉండేదో ఎంతకీ రాదు. ముప్పయ్యేళ్ళు ఆ మూతితోనే కదా నన్ను తిట్టాడు!" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. "మా మనవరాలు నా దగ్గరే పెరుగుతోంది. రేపు దానికి ఆ అవస్థ రాకూడదు. పెళ్ళి పందిట్లో పూలెట్టుకుని ఉండేది మా మామ్మ అనుకోవాలి గానీ, రేషన్ కార్డుకి దిగిందనుకోకూడదు కదా" అంది.

ఆవిడ వెళ్ళాక మావయ్యతో, నిజం చెప్పేద్దామన్నాను. మావయ్య మొహం పాలిపోయింది. "నీకేమైనా మతిపోయిందా? ఈవిడకి ఆశీర్వాదం సంగతి తెలిస్తే గుండిగలతో పాటు ఊరూరా తిప్పుతుంది. ఇన్నేళ్ళుగా పుచ్చుకున్నవాళ్ళందరూ వచ్చి గుమ్మం ముందు నిలబడితే, నేను గోదాట్లో దూకాలి" అన్నాడు. ఆ పనసతొనలు మాత్రం ఆయనే ఎక్కువ తిన్నాడు. నాకు ఒక్కటి కూడా దిగలేదు. అంతవరకూ ఎంతమందిని ఆశీర్వదించినా ఒక్క మొహమూ గుర్తులేదు. ఆ రాత్రి పడుకుంటే పౌడరు రాసుకున్న ఆ ఒక్క మొహమే కనిపించింది. మొహం కడుక్కుని మరీ నా ముందు నిలబడిన మనిషిని ఎలా మోసం చేశానని మొదటిసారి సిగ్గేసింది.

ఆ వంటవాళ్ళు వచ్చే ఇంకో పెళ్ళి నెల తర్వాత తగిలింది. నాకు ఒక్క రీలు ఇచ్చి, "చివరి ఫోటో పెళ్ళికొడుకు పెదనాన్న గారికి దాచు, మర్చిపోకు" అని మావయ్య గట్టిగా చెప్పాడు. ఆయన బుల్లెట్ మీద తిరుగుతాడు కాబట్టి అందరూ బుల్లెట్ పెదనాన్న అనేవారు. ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళికి ఎవరిని పిలవాలో చెప్పేది ఆయనే. ఆయనకి కోపం వస్తే మా స్టూడియోకి తాళం వేసుకోవడమే. నేను తెల్లారినుంచీ పొదుపుగా తీసుకుంటూ వచ్చాను. ముప్ఫై అయిదు అయ్యాయి. ఒక్కటి మిగిలింది. సరిగ్గా అప్పుడు బుల్లెట్ పెదనాన్న పట్టు ఉత్తరీయం సవరించుకుంటూ వచ్చి, కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అవతల మావయ్య కళ్ళతోనే హెచ్చరిస్తున్నాడు. నేను కెమెరా ఎత్తాను. నా వేలు ఫోటో తీసే మీట మీదకే వెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత వెనక్కి జరిగి ఎర్ర మీట నొక్కింది. "బ్రహ్మాండంగా వచ్చిందండీ" అన్నాను. "ఆయ్, ఇంకోటి తియ్యమ్మా, పక్క నుంచి" అన్నాడాయన. పక్క నుంచి కూడా ఆశీర్వదించాను.

తర్వాత పెరట్లోకి పరిగెత్తాను. "మామ్మా, త్వరగా! మొహం కడుక్కోండి!" మామ్మ గుండిగలోంచి బయటికి వచ్చింది. ఈసారి పౌడరు నేనే రాశాను, నా జడలో పూలే తీసి పెట్టాను. మళ్ళీ అరటి చెట్టు పక్కన వందేమాతరం భంగిమ. "కొంచెం నవ్వండి మామ్మా" అంటే, "మా ఆయన తిట్లు గుర్తొత్తేనే నవ్వొత్తాది" అంటూ నవ్వేసింది. నొక్కాను. కెమెరా టక్కుమంది.

మామ్మ అలాగే నిలబడి, "ఆఁ, ఇప్పుడు చప్పుడయింది" అంది.

"అంటే... ఆ రోజు..." అన్నాను. "ఆ రోజు మెరుపే వచ్చింది పాపా, చప్పుడు రాలేదు. ఎన్ని పెళ్ళిళ్ళు చూశాను, ఆ మాత్రం తెలవదా?" అంది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. నాకు ఏడుపొచ్చేసింది. "మరి అప్పుడే అడగలేదేం మామ్మా? ఇన్నిసార్లు బస్సెక్కి వచ్చి, నేను చెప్పిన అబద్ధాలన్నీ విని..." మామ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. తడి చెయ్యి. "ఎలా అడుగుతాను? ఆడపిల్లవి, కొత్తగా పన్లోకొచ్చావు. నలుగుర్లో అడిగితే నీ మొగం చిన్నబోదూ? వచ్చి కనపడతా ఉంటే నువ్వే తీత్తావులే అనుకున్నాను" అంది. ఫోటో లేని ఆవిడ, అన్ని రోజులూ నా మొహం గురించి ఆలోచించింది.

ఆ ఫోటో రాజమండ్రి నుంచి వచ్చిన రోజే పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ ఏడాదంతా తీసిన వాటిలో అంత బాగా వచ్చింది మరొకటి లేదు. బుల్లెట్ పెదనాన్న మాత్రం ఆరు నెలలు స్టూడియో చుట్టూ తిరిగాడు. "కడుగుతున్నామండీ" అని మావయ్య చెప్పడం, నా వైపు నమిలి మింగేసేలా చూడడం. అయినా ఎందుకో మావయ్య నన్ను పొమ్మనలేదు. ఆ తర్వాత నేను ఆశీర్వాదాలు మానేశానా అంటే, అబద్ధమెందుకు, మానలేదు. మొహం కడుక్కుని వచ్చినవాళ్ళకి మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇప్పుడు నా ఫోనులో పది వేల ఫోటోలున్నాయి. మొన్న ఒక పెళ్ళిలో, వడ్డన వాళ్ళని వరసగా నిలబెట్టి తీస్తుంటే నా ఫోను టక్కుమని, టక్కుమని మోగుతోంది. పీటల మీదున్న పురోహితుడితో సహా అందరూ ఇటే చూశారు. మా అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయి, "అమ్మా, ఈ కాలంలో ఎవరైనా ఆ సౌండ్ పెట్టుకుంటారా? ఇలా ఇవ్వు, తీసేస్తాను" అంది. ఫోను వెనక్కి లాక్కున్నాను. "ఉండనివ్వవే. తీశానని వాళ్ళకి తెలియొద్దూ?" అన్నాను.