నాకు తప్ప అందరికీ వినిపించిన గొంతు

ముందు శుభవార్త చెప్పేస్తాను, లేకపోతే నాకు ఊపిరాడదు. నా పాట విడుదలైంది. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే, ఇప్పుడు పేరు వేసి పాట విడుదల చేసిన మొదటివాణ్ణి కూడా నేనే. మా అమ్మ అయితే, గాజువాకలో కూరగాయలమ్మే ఆవిడ దగ్గర్నుంచి గ్యాస్ బండ తెచ్చే అతని దాకా అందరికీ ఫోన్‌లో వినిపించేసింది.

ఇక అసలు సంగతి. దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు నమ్మకం లేదు. చదివింది ఎలక్ట్రానిక్స్. శబ్దం అంటే నాకు తెర మీద కనిపించే గీత. గీత లేనిచోట శబ్దం ఉండదు. మొన్నటి వరకూ ఈ మాట ఎవరితోనైనా పందెం కట్టి చెప్పేవాణ్ణి.

మా నాన్న ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేస్తారు. నేను కంప్యూటర్‌లో పాటలు చేస్తాను. వాయిద్యాలు కొనే స్తోమత లేదు కాబట్టి నాన్న షెడ్డులో దొరికే చప్పుళ్ళే నా వాయిద్యాలు. ఇనుము కోసే చప్పుడు, రేకు మీద సుత్తి పడే చప్పుడు, మెషిన్ ఆగేటప్పుడు వచ్చే మూలుగు. వాటిని ఫోన్‌లో పట్టుకొచ్చి, ముక్కలు చేసి తాళం కడతాను.

చదువు అవుతూనే బెంగళూరులో ఒక ఉద్యోగం వచ్చింది. చేరే తేదీని ఒకసారి బతిమాలి వెనక్కి జరిపించుకున్నాను. ఇంకోసారి జరిపేది లేదన్నారు. ఆలోపు ఒక్క పాటైనా బయటికొస్తే సంగీతంలోనే ఉంటాను, రాకపోతే నోరు మూసుకుని రైలెక్కుతాను. ఇంట్లో ఇదీ ఒప్పందం. నాన్న సరే అన్నారుగానీ, అప్పటినుంచి నా పాటల ఊసెత్తడం మానేశారు. వినిపించడానికి నాకూ ధైర్యం చాల్లేదు.

ఆ ఒక్క పాట మా నాన్నమ్మది. ఆవిడ ఎలమంచిలి దగ్గర పల్లెలో ఊడుపులకి వెళ్ళిన మనిషి. చివరి రోజుల్లో మా దగ్గరే ఉంది. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ పాడేది. "గట్టు మీద గొడుగుందే ఓలమ్మీ" అని ఆగేది. చేట ఒకసారి కుదిపేది. తర్వాత ఇంకో వరుస ఎత్తుకునేది. ప్రతి వరుస చివరా అంతే, కాసేపు మౌనం. పాట అలాగే ఉంటుందనుకున్నాను. నాకు ఆ ఖాళీ భలే నచ్చేది. ఆవిడ పోయాక ఆ పాటని నా గొంతుతో పాడి, ఖాళీల్ని ఖాళీలుగానే ఉంచి, కింద లేత్ చప్పుళ్ళతో తాళం కట్టాను.

హైదరాబాద్‌లో ఒక చిన్న మ్యూజిక్ కంపెనీకి పంపాను. వారం తిరక్కుండా అక్కడినుంచి ఒక మేడమ్ ఫోన్ చేశారు. పాట చాలా బాగుందట, వెంటనే విడుదల చేస్తారట. నేను మంచం మీద ఎక్కి గెంతుతుంటే ఆవిడ ఇంకో మాటన్నారు. రెండో గాయని పేరూ, ఆవిడ ఒప్పుకుంటున్నట్టు సంతకమూ పంపాలి. అది లేకుండా విడుదల చేయరు.

రెండో గాయని ఎవరూ లేరన్నాను. ప్రతి వరుస చివరా పాడేది ఎవరు మరి అని ఆవిడ అడిగారు. ఇంకెవరి పాటో విని నాది అనుకుంటున్నారని నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

నా పాటలు సరిచూసేది నా స్నేహితుడు కిరణ్. వన్ టౌన్‌లో ఉంటాడు, వాళ్ళ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. నాకంటే మంచి చెవి. ఈ కథ చెప్పి నవ్వుదామని వాడింటికి వెళ్ళాను. వాడు నన్నే ఎగాదిగా చూశాడు.

"ఆవిడెవలో నాకు సెప్పకుండా దాసేసినావు బావా. పెళ్ళికైనా పిలుత్తావా, లేదా?" అన్నాడు.

పాట విన్న మొదటి రోజు నుంచీ వాడికి ఆ గొంతు వినిపిస్తూనే ఉందట. నేను ఎవరినో తెచ్చి పాడించాననుకున్నాడట.

కంప్యూటర్ తెరిచాను. పాటలో గొంతు ఉన్న వరుస ఒక్కటే, అది నాది. ఖాళీల దగ్గర గీత తిన్నగా ఉంది. కిరణ్ కూడా చూశాడు. గీత లేదు అని ఒప్పుకున్నాడు. ప్లే నొక్కగానే, ఇదిగో పాడతంది అన్నాడు. నా గొంతు ఆపేస్తే ఆమె కూడా ఆగిపోతోందట. నా గొంతు పెడితే వస్తోందట. నాకు మాత్రం లేత్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఏం పాడుతోందో పాడి చూపించమన్నాను. కిరణ్ కళ్ళు మూసుకుని నాన్నమ్మ ఖాళీలో పాడాడు. "నా నెత్తి మీద లేదే."

గట్టు మీద గొడుగుందే, నా నెత్తి మీద లేదే. ఆ మాటలు నేను పుట్టి ఎప్పుడూ వినలేదు. పాట ఒక్కసారిగా వెక్కిరింపు అయిపోయింది. వానలో వంగి నాట్లు వేసేవాళ్ళు గట్టు మీది ఆసామిని అంటున్న మాట అది.

ఆ రోజునుంచి కుదురు పోయింది. కిరణ్ హెడ్‌ఫోన్స్ అడిగి తెచ్చుకున్నాను. బస్సులో విన్నాను, స్కూటర్ మీద విన్నాను, బీచ్‌లో రాళ్ళ మీద కూర్చుని విన్నాను. చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్తే అంతా బాగానే ఉందన్నారు. అమ్మ వంట చేస్తుంటే ఏమీ చెప్పకుండా పాట పెట్టాను. పోపు వేస్తూ, "ఆ ఆడమనిషి ఎవలురా? గొంతు బాగున్నాది" అంది. ఏం పాడిందమ్మా అంటే అదే మాట చెప్పింది. కిరణ్ పాడి చూపించిన సంగతి అమ్మకి తెలియదు. అమ్మ ఆ పల్లె మనిషి కూడా కాదు.

బెంగళూరు తేదీ దగ్గరపడుతోంది. లేని మనిషి సంతకం ఎక్కడ తేవాలి? సరే, ఖాళీలే లేకుండా చేద్దామనుకున్నాను. వరుసకి వరుస అతికించి కిరణ్‌కి పంపాను. వాడు ఫోన్ చేసి, ఇప్పుడు నీ మీద పడి పాడతంది బావా, ఇద్దరూ తగూలాడినట్టున్నాది అన్నాడు. మళ్ళీ ఖాళీలు పెట్టేశాను.

చివరికి దారి లేక, పాట విడుదల కావడం లేదని చెప్పేద్దామని మధ్యాహ్నం భోజనం వేళకి నాన్న షెడ్డుకి వెళ్ళాను. క్యారేజీ విప్పుతూ నాన్న, ఏదీ ఆ పాట, ఓపాలి ఎయ్యి అన్నారు. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. మెషిన్లన్నీ ఆగి ఉన్నాయి. ఫోన్‌లో పెట్టాను.

మొదటి వరుస, తర్వాత ఖాళీ. నాన్న చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. పాట అయిపోయేదాకా కదల్లేదు.

"ఇంకోపాలి ఎయ్యి" అన్నారు.

రెండోసారి విన్నాక చెయ్యి కడుక్కున్నారు. అన్నం అలాగే ఉంది. ఆ తర్వాత చెప్పింది ఇది. నాన్నమ్మకి తోడికోడలు ఒకావిడ ఉండేది, పైడమ్మ. పిల్లలు లేరు. నాన్నమ్మ పనికి పోతే నాన్నని పెంచింది ఆవిడే. మడిలో ఇద్దరూ పక్కపక్కనే నాట్లు వేసేవారట. పాట ముందు సగం నాన్నమ్మది, వెనక సగం పైడమ్మది. నాన్న చిన్నతనంలోనే ఆవిడ జ్వరం వచ్చి పోయింది.

"ఆవిడ సచ్చిపోనాక మా యమ్మ ఆ సగం ఎవుల్నీ పాడనిచ్చీది కాదు. తనూ పాడీది కాదు. ఆవిడ వంతు ఊరుకుని, మల్లీ ఎత్తుకునీది. నువ్వూ అలాగే ఆగినావు గదా, ఆవిడ తన వంతు అందుకున్నాదేమో."

నేను చిన్నప్పటినుంచీ మురిసిపోయిన ఆ మౌనం పాటలోది కాదన్నమాట. ఒక మనిషి లేకపోవడాన్నే పాట అనుకుని నేర్చుకున్నాను.

దెయ్యమా నాన్నా అని అడిగాను. నాన్నకి కోపం వచ్చింది. "దెయ్యం గియ్యం అన్నావంటే ఊరుకోను. ఆవిడ నాకు అన్నం పెట్టినాది."

సంతకం సంగతి చెప్పాను. ఆవిడకి పిల్లల్లేరు, నానే కొడుకుని, సంతకం నాను ఎడతాను అన్నారు. పెట్టారు. కంపెనీ మేడమ్‌కి పైడమ్మ గారు చనిపోయారని, కొడుకు సంతకం పంపుతున్నామని చెప్పాను. పాత రికార్డింగ్ దొరికిందా, ఎంత అదృష్టం అన్నారావిడ. నేను అవుననలేదు, కాదనలేదు. పాట నా పేరూ పైడమ్మ పేరూ వేసుకుని వచ్చింది. బెంగళూరు వాళ్ళకి రావడం లేదని చెప్పేశాను.

ఇక్కడితో అయిపోతే ఈ అనుభవం రాసేవాణ్ణి కాదేమో. పోయిన నెల బీచ్ రోడ్డులో సాయంత్రం చిన్న కార్యక్రమం పెట్టి నన్ను పాడమన్నారు. నా మొదటి వేదిక. అమ్మా నాన్నా కిరణ్ ముందు వరుసలో కూర్చున్నారు. పాట సగంలో కరెంటు పోయింది. లాప్‌టాప్ వెలుగుతోందిగానీ స్పీకర్లు చచ్చిపోయాయి, మైకు పోయింది. ఇంకా వెలుతురు ఉంది, అందరి మొహాలూ కనిపిస్తున్నాయి. ఏం చేయాలో తోచక ఉత్త గొంతుతోనే పాట కొనసాగించాను.

వరుస పాడి ఆగాను. నాకు అలల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కానీ కూర్చున్నవాళ్ళందరి కళ్ళూ కలిసి నా ఎడమ పక్కకి తిరిగాయి. పిల్లలవీ, పెద్దవాళ్ళవీ, ఐస్‌క్రీమ్ బండి అతనివీ. నా వంతు రాగానే మళ్ళీ నా మీదికి వచ్చాయి. మళ్ళీ ఆగాను. మళ్ళీ పక్కకి వెళ్ళాయి. నాన్న మాత్రం అటు చూసినవారు ఇక కళ్ళు ఇటు తిప్పలేదు.

నేను పక్కకి తిరగలేదు. భయపడి కాదు. తిరిగితే అక్కడ ఎవరూ ఉండరని నాకు తెలుసు, అది చూడాలనిపించలేదు.

లైట్లు వచ్చాక కిరణ్‌ని అడిగితే, ఏటి సూసినానో సెప్పలేను బావా, గొంతు అటు నుంచి ఒచ్చినాది, అందుకే అటు సూసినాను అన్నాడు. నాన్నని అడగలేదు. అడగను కూడా.

తెర మీద గీత ఇప్పటికీ తిన్నగానే ఉంది. ఆమె గొంతు నాకు ఇప్పటికీ ఒక్కసారైనా వినిపించలేదు. పాట విన్నవాళ్ళు ఆవిడ భలే పాడింది అని మెసేజ్‌లు పెడుతుంటే సంతోషంతో పొంగిపోతాను, ఆ వెంటనే రాత్రి నిద్ర పట్టదు.

మళ్ళీ రెండు చోట్ల పాడమని పిలిచారు. వెళ్తున్నాను. వేదిక మధ్యలో మైకు పెడతామంటే వద్దన్నాను. నేను కొంచెం కుడివైపుకి జరిగి నిలబడతాను.