నాదా, వాళ్ళదా?

మంచి స్నేహితుడి మీద దొంగతనం మోపాలంటే తొందరపడకూడదు. నేను మూడు వారాలు సాక్ష్యాలు పోగుచేసి మరీ మోపాను. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే అంతమందిలో అంత ఓపిక నాకొక్కడికే ఉండేది.

2012 నాటి సంగతి. నేను అన్నా అని పిలిచే ఆ స్నేహితుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి పరీక్షకు చదువుతున్నాడు. వాళ్ళది విద్యానగర్‌లో స్థిరపడ్డ కోస్తా కుటుంబం. నేను చిక్కడపల్లిలో మా స్టీలు సామాన్ల కొట్టులో పెరిగినవాణ్ణి. నారాయణగూడ రీడింగ్ రూములో ఒప్పందం చేసుకున్నాం: రాజ్యాంగం నేను రాయాలి, రాష్ట్ర చరిత్ర అతను రాయాలి, నోట్సు ఇద్దరిదీ. అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళు, ఒకే ఫోల్డరు. ఎవరు ఏ లైను ఎప్పుడు మార్చారో గుర్తుపెట్టుకునే వెర్షన్ కంట్రోల్ కూడా అతనే పెట్టాడు. అది చాలదన్నట్టు, దారిలో కూడా చదువుకోవచ్చని నేను ఫోన్లో ఒక నోట్సు యాప్‌ని ఆ ఫోల్డరుకి తగిలించాను.

వారం తిరక్కుండానే పేరాలు మాయమవడం మొదలైంది. నిన్న పూర్తిచేసిన ప్రాథమిక హక్కులు ఇవాళ చూస్తే సగమే. ఇద్దరం ఒకే పోస్టుకి చదువుతున్నాం. ఇంకెవరిని అనుమానించాలి?

కొట్టులో సరుకు మీద ఎవరి చెయ్యయినా పడుతోందనిపిస్తే మా నాన్న ఒక గ్లాసుకి గీత పెట్టి అరలో ఉంచేవాడు. నేనూ ఒక గీత పెట్టాను. గవర్నర్ ఆర్డినెన్సు అధికరణ 213. కావాలని ఫోన్లో 231 అని కొట్టాను. మర్నాటికి కంప్యూటర్లో అది 213 అయింది. దొరికాడు! సాయంత్రం ఇంటికి నడుస్తూ ఫోన్ తీశాను, కాసేపటికి మళ్ళీ 231. ఆనవాళ్ళు కూడా చెరుపుకుంటున్నాడన్నమాట!

"అన్నా, నా నోట్సుల ఏం జేస్తున్నవ్?"

"తప్పుంటే దిద్దానయ్యా. మళ్ళీ తప్పే పెట్టావేంటి?"

"నేనెందుకు పెడ్త? ఏంది గీ నాటకాలు?"

అతను మార్పుల జాబితా తెరిచాడు. పోయిన ప్రతి పేరా పక్కనా నా పేరే ఉంది.

"నా పేరు మీద నువ్వే కొట్టేసినవ్," అన్నాను. బేరంలో చివరిదాకా దిగకూడదు కదా.

"ఫోనిటివ్వు."

నడుస్తూ నడుస్తూ నేను ఫోన్లో అక్కడొక కామా, ఇక్కడొక చుక్క పెట్టేవాణ్ణి. ఫోన్లో ఉన్న పాత కాపీకీ ఫోల్డరులో ఉన్న కొత్త కాపీకీ అప్పుడు తేడా పడేది. ఏది ఉంచాలి, ‘మైన్’ అంటే నాదా, ‘దెయిర్స్’ అంటే వాళ్ళదా అని యాప్ అడిగేది.

"ఇది వస్తే ఏం నొక్కుతున్నావు?"

"మైన్. మనది ఎవడన్న ఇడుస్తడా?"

"చదవకుండానే?"

"మనదే గదా, చదివేదేముంది?"

"మరి దెయిర్స్ అంటే ఎవరనుకున్నావు?"

"నువ్వే."

"కంప్యూటర్లో నువ్వు రాసుకున్నదయ్యా బాబూ! నేను రాసిందీ అందులోనే ఉంది."

పక్క బల్లవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. "నా రాత నచ్చక కొట్టేస్తున్నావనుకున్నాను. పది రోజులై రాయడమే మానేశాను," అన్నాడు.

లెక్క ఇదీ. కొట్టేసిన పేరాలన్నీ పాత మార్పుల్లోంచి తిరిగొచ్చాయి, ఒక్క లైనూ పోలేదు. ఆ పది రోజుల్లో అతను రాయాల్సిన కాకతీయులు, కుతుబ్‌షాహీలు మాత్రం రాలేదు. ఆ తర్వాత ఎవరి నోట్సు వాళ్ళం రాసుకున్నాం. పరీక్షలో గవర్నర్ ఆర్డినెన్సు అడిగారు. అన్నిసార్లు పట్టుబట్టి నిలబెట్టుకున్న ఆ 231నే నింపి వచ్చాను. ఆ తప్పు మాత్రం, ఎవరడిగినా, నాదే.