బేకరీ పొయ్యిలో ఉర్లగడ్డలు

నా చిన్నప్పుడు, నేను నాలుగో తరగతి చదివే ఏడాది, ఆరేళ్ళ మా తమ్ముడికి కామెర్లు వచ్చాయి. వారం దాటినా అన్నం ముట్టలేదు. చెయ్యి పట్టుకుంటే ఎముకే తగిలేది. ఒక పొద్దున డాక్టరు చూసి, సాయంత్రంలోపు ఏమైనా తినకపోతే వేలూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. కారుకు ఫోన్ చేయడానికి నాయన ఎస్టీడీ బూత్‌కు పోయాడు. అమ్మ మంచం పక్కన కూర్చుని, మజ్జిగన్నం చెంచాతో వాడి పెదాల దగ్గరికి తీసుకుపోతూనే ఉంది. వాడు మొహం తిప్పుకుంటూనే ఉన్నాడు.

వాడికి ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, వేపుడంటే ప్రాణం. కానీ నూనె చుక్క కూడా తగలకూడదన్నారు. ఇంట్లో ఉన్న ఉర్లగడ్డలన్నీ గౌనులో వేసుకుని పక్కింటి అక్క దగ్గరికి పరుగెత్తాను. బంగారుపాళ్యం రోడ్డు మీద ఆమె చిన్న బేకరీ నడిపేది.

"నూనె లేకుండా వేపియ్యక్కా. వాడు సచ్చిపోతాడు" అని ఏడ్చాను.

అక్క వెంటనే గడ్డలు ముక్కలు కోసి ఉడకేసింది. బన్నులు తీసేసిన ఇటుకల పొయ్యిలో వేడి ఇంకా ఉంది. ఉడికిన ముక్కల్ని నేను అలాగే అక్క గిన్నెలో తీసిపెట్టిన పెరుగులో వేయబోతే చెయ్యి పట్టుకుంది.

"తడి ఆరనీ పాపా. తడి మింద పిండి నిలవదు, జారిపోతాది."

ముక్కలు గుడ్డమీద ఆరుతుంటే, రోడ్డున పోయే ప్రతి కారూ మా ఇంటికేనేమోనని వాకిట్లో నిలబడి తొంగిచూశాను. అక్క వాటికి గట్టి పెరుగు పట్టించి, పుట్నాల పొడి, బియ్యప్పిండి, ఉప్పు, జీలకర్ర కలిపిన పొడిలో దొర్లించి, రేకు మీద పరిచి పొయ్యిలోకి తోసింది. అప్పుడు అడిగింది.

"మీయమ్మ ఎప్పుడు తినింది?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పైపొర ఎర్రగా కరకరలాడేలా కాలాక అక్క రెండు పొట్లాలు కట్టింది. "చిన్నది వానికి. పెద్దది మీయమ్మకు. ముందు ఆమెకియ్యి. ఆమె తినేదాకా ఆడ్నించి కదలొద్దు."

నాకు కోపం వచ్చింది. తమ్ముడి ప్రాణంలో సగం తీసి ఇంకొకరికి ఇమ్మన్నట్టనిపించింది. అయినా చెప్పినట్టే చేశాను.

"నాకొద్దు, వానికి పెట్టు" అంది అమ్మ.

నేను కదల్లేదు. చివరికి ఒక ముక్క కొరికింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత తల వంచుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండా, గబగబా తినసాగింది. అమ్మ దవడలు లోపలికి పోయాయని అప్పుడు చూశాను. తమ్ముడు కళ్ళు తెరిచి చాలాసేపు ఆమె నోటివైపే చూశాడు.

"నాకు?" అన్నాడు.

ఒకటిన్నర ముక్క తిన్నాడు, అంతే. కారు వచ్చింది, వేలూరు పోక తప్పలేదు. మూడు వారాలకు గానీ వాడు ఇంటికి రాలేదు. ఉర్లగడ్డలు వాణ్ణి బతికించాయని నేననను. కానీ వాణ్ణి భుజాన వేసుకుని తూలకుండా కారెక్కే బలం అమ్మకు ఎలా వచ్చిందో నాకు తెలుసు.

ఇప్పటికీ జబ్బుపడినవాళ్ళను చూడబోతే, ముందు మంచం పక్కన కూర్చున్న మనిషి మొహం చూస్తాను. తిన్నావా అని అడుగుతాను. తిన్నానంటే నమ్మను. కళ్ళముందు తినేదాకా అక్కడే కూర్చుంటాను.