బంతి అబ్బాయికే!

ఆ రోజుల్లో లింగంపల్లి అంటే ఒక రైల్వే స్టేషను, దాని చుట్టూ బండరాళ్లు, ఆ బండరాళ్ల అవతల మా ఫ్యాక్టరీ. (ఇప్పుడు అటు అద్దాల మేడలు చూసి అందరూ నోరెళ్లబెడతారు. నేను మాత్రం ఏమీ లేనప్పుడే ఆ పని చేశాను.) డెబ్భైల మొదట్లో గుడివాడ నుంచి వచ్చి అక్కడ టెంపరరీ గుమాస్తాగా చేరాను. పనికన్నా పరుగు బాగా వచ్చు కనుక ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టులో పడ్డాను. జట్టుకు మేనేజరు మా సూపరింటెండెంటు గారు. కాకినాడ మనిషి, బంతిని కాలితో తాకి ఎరుగరు. అయినా ఆయనే ఒక రహస్యం కనిపెట్టారు. బంతి నా దగ్గర ఎక్కువసేపు ఉన్న ఆటలన్నీ మేం గెలిచామట! "ఇంకేం కావాలండీ? ఎవరికి దొరికినా సరే, బంతి అబ్బాయికే ఇవ్వండి!" అన్నారు.

మా కెప్టెనన్న హైదరాబాదీ. "అట్ల కాదు సార్. గెలుస్తున్నమని తెలిసినంకనే ఈయనకు బంతిస్తం. ఉరుకుతనే ఉంటడు, టైం గడుస్తది. ఈయనకిచ్చినందుకు గెలుస్తున్నమని కాదు" అన్నాడు. నాకది పచ్చి అసూయగా వినిపించింది. పైగా మియాపూర్ వైపు జట్టును ఓడిస్తే నన్ను పర్మనెంటు చేయించే పూచీ తనదని సూపరింటెండెంటు గారు మాటిచ్చి ఉన్నారు.

ఆట మొదలైంది. ప్రతి బంతీ నాకే. కాసేపు నా పరుగుకు ఈలలే ఈలలు. తర్వాత అవతలివాళ్లకు కిటుకు తెలిసిపోయింది. మావాళ్లలో బంతి ఎవరి దగ్గరున్నా వాళ్లు నావైపే చూసేవారు. ఎటు తిరిగినా జాతరలో తప్పిపోయినట్టు చుట్టూ జనమే. సగం ఆటకే రెండు గోల్స్ వెనకబడ్డాం. విరామం అయ్యీ అవగానే నా పిక్కలు పట్టేశాయి. ఎవరూ తొయ్యకుండానే దభీమని పడ్డాను. ఎత్తుకెళ్లి బండ నీడలో పడుకోబెట్టారు. సూపరింటెండెంటు గారు నోట్లో గ్లూకోజు పోస్తూ, "లే నాయనా! ఇప్పుడు బంతి ఎవరికివ్వాలి?" అని ఏడుపు గొంతుతో అడిగారు.

అంతలో మావాళ్లు గోల్ కొట్టారు. ఇంకోటి కొట్టారు. చివర్లో, ఎడమవైపు ఆడే వెల్డరన్న మూడోది కొట్టేశాడు! నోట్లో గ్లూకోజు నోట్లోనే ఉండిపోయింది. సూపరింటెండెంటు గారు, "ఇదేంటండీ, ఇదేంటండీ" అంటూ నన్నే నిలదీశారు.

"ఎలా గెలిచారన్నా?" అన్నాను కెప్టెనన్నతో.

"నువ్వు లేవు గద తమ్మీ! ఇగ ఒకలకొకలం ఇచ్చుకున్నం. జర మజా వచ్చింది" అన్నాడు, ఏ కల్మషమూ లేకుండా. పడ్డప్పటికన్నా అప్పుడే గట్టిగా తగిలింది.

మర్నాడు అంతకుమించిన విడ్డూరం. "అబ్బాయి వాళ్లని తిప్పితిప్పి అలసిపోయేలా చేశాడు కనుకే గెలిచామండీ!" అని పైఅధికారికి చెప్పి సూపరింటెండెంటు గారు నన్ను పర్మనెంటు చేయించేశారు. కాదందామనుకుంటూనే ఆర్డరు కాగితం అందుకున్నాను. (ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను.)

తర్వాతి ఆదివారం ఆటలో బంతి నాకు అందింది. అలవాటుగా పరిగెత్తబోయి, ఎందుకో తలెత్తి పక్కకు చూశాను. ఎడమవైపు వెల్డరన్న చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. పాపం, ఎన్నాళ్లనుంచి అలా నిలబడ్డాడో!